ఆవేసని సిద్ధార్థుడు: శిల్పి కథ, శిల్పం చెప్పే కథ

కళాకారుని జీవితకథ తెలిసిన తరువాత అతని కృతిని పూర్వపు దృష్టితో చూడటం సాధ్యం కాదు. ఇందుకు అజంతా స్పష్టమైన నిదర్శనం. అక్కడి కుడ్యచిత్రాలకు ప్రతులు చిత్రించే పనిని 1844లో ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి రాబర్ట్ గిల్‌కు అప్పగించింది. ఏళ్ల తరబడి ఆయన చిత్రించిన ప్రతులలో అధికభాగం 1866లో సిడెన్‌హామ్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో దగ్ధమయ్యాయి. దగ్ధం కానిది గిల్, పారోల ప్రణయగాథ. 1856లో మరణించిన పారో సమాధి అజంతా గ్రామంలో నేటికీ ఉంది. ఆ గాథ మరాఠీలో కావ్యంగానూ, 2012లో చలనచిత్రంగానూ వెలువడింది. నేటి సందర్శకునికి గిల్ ప్రేమికునిగా తెలిసినంతగా చిత్రకారునిగా తెలియడు. శిథిలమైన భాగాలను ఆయన ఊహతో పూరించాడా, ఉన్నది ఉన్నట్లే విడిచాడా అన్న ప్రశ్న, ప్రతులను పరిశీలించేవారికి అత్యవసరమైనదే అయినా, ఆ కథ చాటున మరుగున పడింది.

ఆంధ్రదేశపు బౌద్ధశిల్పం స్థితి ఇందుకు భిన్నం. ఇక్కడ కృతులు మిగిలాయి, కర్తల కథలు మిగలలేదు. అందువల్లనే శాసనంలో ఒక్క పేరు కనిపించినా దాని చుట్టూ జీవితకథ అల్లాలన్న ఉత్సాహం కలుగుతుంది. జగ్గయ్యపేట ధనబోడు స్తూపం వద్ద లభించిన ఆయకస్తంభ శాసనాలు అటువంటి ఒక పేరును అందిస్తున్నాయి.

ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, ఆవేసని నాగచంద్రుని కుమారుడైన ఆవేసని సిద్ధార్థుడు వేలగిరి మహాచైత్యం తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయకస్తంభాలను ప్రతిష్ఠించాడు. ఆవేసని అంటే శిల్పకారుల పెద్ద. శాసనంలో తల్లి నాగిలని పేరు ముందు, భార్య సముదని పేరు ఆ తరువాత, మిగిలిన కుటుంబసభ్యుల పేర్లు వరుసగా వస్తాయి. సకలప్రాణుల హితసుఖాలే ఈ దానానికి ఉద్దేశం.

ఈ ఆధారాన్ని చదవడంలో రెండు పొరపాట్లకు అవకాశముంది. జగ్గయ్యపేట అనగానే స్ఫురించే మాంధాత చక్రవర్తి ఫలకాన్ని సిద్ధార్థుని ప్రతిభకు ముడిపెట్టడం మొదటిది. ఆ ఫలకాన్ని సాధారణంగా క్రీ.పూ. 1వ శతాబ్ది ప్రాంతానికి చేరుస్తారు. వీరపురుషదత్తుడు క్రీ.శ. 3వ శతాబ్దివాడు. ఒకే స్తూపానికి చెందినంత మాత్రాన శతాబ్దాల అంతరం చెరిగిపోదు.

దాతను రూపకర్తగా భావించడం రెండవ పొరపాటు. సాంచీ దక్షిణ తోరణంపై విదిశ దంతకారుల శాసనం వారు రూపకర్మ చేసినట్లు చెబుతుంది. అదే తోరణంపై శాతకర్ణి ఆవేసని అయిన వాసిష్ఠీపుత్ర ఆనందుని శాసనం దానాన్ని మాత్రమే పేర్కొంటుంది. అయినా ఆనందుణ్ణి తోరణశిల్పిగా పరిచయం చేయడం పరిపాటి అయింది. సిద్ధార్థుడు కూడా స్తంభాలను ప్రతిష్ఠించాడనే శాసనం చెబుతుంది. ఉలి పట్టినది ఆయనేనా అన్నది ఆ పదం తేల్చదు.

శాసనం చెప్పనిదాన్ని తొలగించిన తరువాత మిగిలేది స్వల్పమేమీ కాదు. తండ్రీకొడుకులిద్దరూ ఆవేసనులే. అంటే వృత్తి వంశంలో కొనసాగింది. ఆ వృత్తిలోని వ్యక్తికి ఐదు స్తంభాలను దానం చేయగల స్తోమత ఉంది. ఇదే రాజు 6వ పాలనా సంవత్సరంలో ఆయన మేనత్త చాంతిసిరి నాగార్జునకొండ మహాచైత్యం వద్ద స్తంభప్రతిష్ఠ చేసింది. రాజకుటుంబ స్త్రీ చేసిన పుణ్యకార్యాన్నే పద్నాలుగేళ్ల తరువాత ఒక వృత్తికారుడు కూడా తన పేరుతో చేయగలిగాడు. స్తంభాలను చూసే దృష్టిని నిజంగా మార్చవలసినది ఈ విషయం. ఇది కల్పన వల్ల గాక, శాసనపఠనం వల్ల లభించిన కథ.

ఐదు ఆయకస్తంభాలు బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్రప్రవర్తనం, మహాపరినిర్వాణాలకు సంకేతాలని పండితుల వ్యాఖ్యానం. ఆ వ్యాఖ్యానాన్ని అంగీకరిస్తే, అవి చెప్పేదీ ఒక జీవితకథే. అయితే అది వాటిని నిలిపిన సిద్ధార్థునిది కాదు, ఎవరి పేరును ఆయన ధరించాడో ఆ సిద్ధార్థునిది. ఆవేసని తనకు కేటాయించుకున్న చోటు కొన్ని పంక్తులు మాత్రమే. వాటిలోనూ తనవారి పేర్లున్నాయి గాని, తన నైపుణ్యాన్ని గురించిన ప్రశంస లేదు. శిల్పి కథను చెప్పదలచిన పరిశోధకులకూ, ప్రదర్శనశాలల వివరణకర్తలకూ ఆ పరిమితి ఆదర్శం కాదగినది.