మెడ్వే వాగు గట్టున నారతో కట్టిన ఊరు

ఇది ఇంగ్లండు లండన్ కాదు, కెనడాలో ఒంటారియో లండన్. ఇక్కడి నది పేరు కూడా థేమ్సే. నగరానికి వాయవ్యాన, మెడ్వే వాగు పక్కన ఎత్తయిన మెట్ట మీద సుమారు ఐదెకరాల నేల ఉంది. లాసన్ సైట్ అంటారు. 16వ శతాబ్దం మొదట్లో, తెల్లవాళ్లు ఇంకా ఈ వైపు రాకముందు, అట్టవాండరాన్ ప్రజలు ఇక్కడ ఊరు కట్టుకున్నారు.

ఆ ఊళ్లో ఒక్క గోడ కూడా నిలిచి లేదు. మిగిలింది మట్టిలోని నల్లటి గుండ్రటి మచ్చలే. గుంజ పాతిన చోట కర్ర కుళ్లి, ఆ మేరకు నేల రంగు మారుతుంది. పురావస్తు పరిశోధకుడు విల్‌ఫ్రిడ్ జ్యూరీ, ఆయన తండ్రి ఏమస్ ఇక్కడ తవ్వారు. మచ్చలను ఒక్కొక్కటిగా కాగితం మీదికి ఎక్కించి చూస్తే పొడవాటి ఇళ్ల ఆకారాలు తేలతాయి. పనివాడి చేతికి ఇంతకన్నా నమ్మకమైన సాక్ష్యం నాకు తెలియదు.

ఆ ఇంటి కట్టుబడి చూడండి. మన పూరింటికి నిట్టాళ్లు, వెన్నుదూలం, దాని మీంచి వాసాలు దిగుతాయి. గోడ వేరు, కప్పు వేరు. ఇక్కడ ఆ తేడా లేదు. రెండు వరసల్లో సన్నటి చెట్లను పాతి, కొసలు వంచి పైన జతచేసి కట్టేశారు. గోడే వంగి కప్పయింది. వెడల్పు ఆరేడు మీటర్లు, ఎత్తూ దాదాపు అంతే. పొడవు మాత్రం కుటుంబాలను బట్టి పెరిగేది. నడుమ వరసగా పొయ్యిలు, ఒక్కో పొయ్యికి అటొక కుటుంబం, ఇటొక కుటుంబం. ఒకే తల్లి వంశపు ఆడవాళ్ల ఇల్లది.

ఒక్క మేకు లేదు. ఇనుప గొడ్డలీ లేదు. చెట్లను రాతి గొడ్డళ్లతో కొట్టేవారు. పైన కప్పడానికి ఎల్మ్ చెట్టు బెరడు. అది ఎప్పుడు పడితే అప్పుడు ఊడదు. వసంతం చివర చెట్టులో రసం ఎక్కే రోజుల్లోనే పెద్ద పెద్ద పలకలుగా వస్తుంది. ఆ అదను తప్పితే ఆ ఏటికి కప్పు లేనట్టే. కట్టుకు వాడిన నార బాస్‌వుడ్ చెట్టు లోపలి బెరడుది. దాన్ని నీళ్లలో నానబెట్టి, విడదీసి, పేనేవారు. చెరువులో గోగు కట్టలు ఊరబెట్టి నార తీసిన చేతులకు ఈ పని వెంటనే అర్థమవుతుంది. ఇల్లంతా నార ముడుల మీదే నిలబడింది. బిగింపు పట్టు తెలియని చేయి కడితే మొదటి మంచుకే కూలేది.

ఊరి రక్షణకు నేలను కూడా వాడుకున్నారు. వాగు వైపు నిటారు గట్టే కోట. చదును నేల ఉన్న వైపు కర్రల దడులు, మట్టికట్ట.

పక్కనే మ్యూజియం ఆఫ్ ఒంటారియో ఆర్కియాలజీ ఉంది. అందులో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి కుండపెంకులు. సారె లేకుండా ఆడవాళ్లు చేత్తో మలిచిన కుండలవి. మెడ చుట్టూ దగ్గరదగ్గరగా ఏటవాలు గీతలు. నిప్పు మీద పగలకుండా మట్టిలో రాతిపొడి కలిపారు. విరిగిన అంచున ఆ రవ్వలు ఇప్పటికీ మెరుస్తున్నాయి.