ప్రవాసమున దానబుద్ధి

మన కావ్యములలో దానము గడప దగ్గర జరుగును. ఇచ్చువాడు లోపల, అడుగువాడు వెలుపల. నడుమ ఒక ద్వారబంధము మాత్రమే. పోతన వామనచరిత్రమున బలిచక్రవర్తి సర్వస్వమును ధారపోయునపుడు, ఎదుట చాచిన బాలుని చేయి ఆయనకు కనబడుచునే యున్నది. గురువు వలదన్నను ఆ చేతిని చూచిన తరువాత వెనుదీయుటకు ఆయనకు మనసొప్పలేదు. శ్రీనాథుని కాశీఖండమున వ్యాసుడు భిక్షకై వీధివీధి తిరిగి, ఏ యింటను అన్నము దొరకక, ఆ నగరమును శపింపబూనును. అపుడు అన్నపూర్ణ ముత్తైదువ రూపున గడప దాటి వచ్చి పిలిచి భోజనము పెట్టును. ఆకలిగొన్నవానికి కోపము వచ్చినందుకు తరువాత శిక్ష యున్నదిగాని, అన్నము మాత్రము ముందే పెట్టబడినది. ఈ రెండు కథలకును ప్రాణమొకటే: దాతయు గ్రహీతయు ఒకరి ముఖమొకరు చూచుకొందురు.

మనిషి ఊరు విడిచినపుడు ఈ గడపయే ముందుగా పోవును. ధనుర్మాసపు హరిదాసు అతని యింటికి రాడు. వారములు చేసికొని చదువుకొను పిల్లవాడు అతని తలుపు తట్టడు. చేతిలో నాలుగు డబ్బులు వెనుకటికంటె ఎక్కువగా ఆడుచుండవచ్చును. అడుగుటకు వచ్చు ముఖము మాత్రము కనబడదు. అట్టివాని దానబుద్ధి ఏమగును? తగ్గునా, పెరుగునా, లేక రూపము మార్చుకొనునా? ఈ ప్రశ్న సమాజశాస్త్రమునకు ఎంత సంబంధించినదో, సాహిత్యమునకును అంత సంబంధించినది.

మన ఇటీవలి సాహిత్యము దీనికి రెండు సమాధానములు సిద్ధముగ ఉంచుకొన్నది. ఒకటి, పరదేశమున స్థిరపడి కన్నవారిని మరచిన కొడుకు కథ. రెండవది, సంపాదించుకొని తిరిగివచ్చి ఊరిని ఉద్ధరించు మహాదాత కథ. 2015లో వచ్చిన ‘శ్రీమంతుడు’ చలనచిత్రము రెండవదానికి జనులందరు ఎరిగిన ఉదాహరణము. తండ్రి విడిచివచ్చిన పల్లెను కొడుకు దత్తత చేసికొనును. ఆ ఊహ ఉదాత్తమైనదే. దానిని చూచి నిజముగ గ్రామములకు చేయూతనిచ్చినవారును కలరు. అయినను కథగా చూచినపుడు దాత పెరిగిన కొలది గ్రహీత తరుగుచు వచ్చును. ఊరివారు ఒక్కొక్కరుగా గాక ఒక సమూహముగా మిగులుదురు. బలికి కనబడిన చేయి ఇచ్చట కనబడదు.

ఈ రెండు సమాధానములకును ఒకే లోపము కలదు. రెండును ప్రవాసిని పుట్టినూరివైపే తిప్పి నిలబెట్టి తూచుచున్నవి. పంపినచో మంచివాడు, పంపనిచో కృతఘ్నుడు. అతడు ఇరువది ముప్పది యేండ్లు నిత్యము నడచిన వీధి ఆ త్రాసులోనికి ఎక్కనే యెక్కదు.

పరదేశ ధనము మన దానకథను పోషించుట క్రొత్త కాదు. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయ సెట్టి ఓడవర్తకపు కుటుంబమువాడు. ద్వీపాంతరముల సరకులు తెప్పించి రాజులకు సమకూర్చినవాడు. అట్టివాడు అంకితము పొందిన కావ్యమున చిరుతొండనంబి కథ యుండుట గమనింపదగినది. సముద్రముల మీదుగా వచ్చిన సొమ్ము, ఇంటికి వచ్చిన అతిథికి కాదనలేని గృహస్థు కథతో చుట్టరికము కలుపుకొన్నది. ఇక మన కాలమునకు దగ్గరివాడు కాశీనాథుని నాగేశ్వరరావు. కృష్ణా మండలపు ఎలకుర్రులో పుట్టిన ఆయన బొంబాయి చేరి 1893లో అమృతాంజనమును నెలకొల్పినాడు. ఆంధ్రపత్రిక 1908లో వారపత్రికగా ఆ బొంబాయిలోనే పుట్టినది. 1914లో మదరాసున దినపత్రిక యైనది. జనులు ఆయనను ‘విశ్వదాత’ యన్నారు. ఆ బిరుదములో ఏ ఊరి పేరును లేదు.

దూరము దానమునకు కీడే చేసినదనుట న్యాయము కాదు. గడపదానము అందమైనదే, కాని ఆ గడప అందరికిని ఒక్క యెత్తుగా ఉండలేదు. ఎవడు ముంగిటికి రావచ్చును, ఎవడు వీధిలోనే నిలువవలెను, ఎవని దోసిట నీరు ఎంత యెత్తునుండి పోయవలెను అను నియమములతో కులము ఆ గడపపై కాపలా కాచినది. ఊరు విడిచినవాడు ఆ కాపలాను కూడ కొంత విడిచినాడు. చందా పట్టీలో పేర్లు ఒకదాని క్రింద ఒకటి వచ్చును. ఎవని పక్కన ఎవడు అని కాగితము అడుగదు. ఉపకారవేతనము తీసికొను విద్యార్థి తలవంచుకొని దాత యెదుట నిలువనక్కరలేదు. ఇది లాభము. నష్టమేమనగా, రసీదు చేతికి వచ్చినతోడనే ఋణము తీరినదను భావము మనసున పడును. శిలాఫలకముపై పేరు చెక్కించినపుడు, కుడిచేత ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదను పెద్దల మాట వెనుకబడును.

ఈ లాభనష్టములను తూచి చూచుటకు రాయపూరు తగిన స్థలము. రాయపూరు విదేశము కాదుగదా యని కొందరనవచ్చును. భాష మారినచోట, అడుగువాని మాట చెవికి క్రొత్తగా వినబడినచోట ప్రవాసము మొదలైనట్లే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండి ఉత్తరాంధ్ర కుటుంబములు ఈ ప్రాంతమునకు పనికై వచ్చుచున్నవి. విజయనగరము–రాయపూరు రైలుమార్గము 1931లో పూర్తియైన పిమ్మట ఆ రాకపోకలు సులభమైనవి. దాపుననే భిలాయిలో 1959లో ఉక్కు కొలిమి రగిలినపుడు మరికొందరు వచ్చినారు. వీరు ఉగాది సభకు, శ్రీరామనవమి పందిరికి చందాలు వేసికొన్నారు. స్వగ్రామపు గుడికి గోపురము కట్టుచున్నారన్న అక్కడికిని పంపినారు. ఇంతవరకు లోకమందలి ఏ ప్రవాసి కథయైనను ఇదియే.

కాని ఛత్తీస్‌గఢ్‌లో పుష్య పూర్ణిమనాడు ‘ఛేర్‌ఛేరా’ యను పండుగ జరుగును. కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన దినములవి. పిల్లలు, పెద్దలు గుంపులుగా ఇంటింటికి పోయి ధాన్యమడుగుదురు. గృహిణి గాదెలోని క్రొత్త వడ్లు తెచ్చి పోయును. దీని విశేషమేమనగా, ఆనాడు కలవాడును అడుగును, లేనివాడును అడుగును. ఆ యొక్కదినము యాచన సిగ్గుపడదగినది కాదు. మన హరిదాసు నోరు తెరచి అడుగడు. తలమీది అక్షయపాత్రతో వంగి కూర్చుండును. అతని మౌనము యాచనకు గౌరవము తెచ్చినది. ఛేర్‌ఛేరా మరియొక మార్గమున అదే పని చేసినది: అందరును అడుగువారే యైనపుడు తక్కువవాడెవ్వడు? రెండు పండుగలును పైరు ఇంటికి వచ్చిన వేళనే, కొద్ది దినముల తేడాతో వచ్చును. సంక్రాంతి ముగ్గు వేసిన తెలుగు వాకిటికి ఛేర్‌ఛేరా పిల్లలు వచ్చినపుడు, పోయిన గడప మరల దొరకినట్లే. ఆ పిల్లలకు పోయు చేరెడు బియ్యము ఏ స్వగ్రామమునకును చేరదు. దానికి రసీదు లేదు. ప్రవాసి దానబుద్ధికి పరీక్ష అచ్చటనే యున్నది.

ప్రవాసి ఇచ్చువాడు మాత్రమే కాదు, పుచ్చుకొన్నవాడు కూడ. దాఊ కల్యాణ్ సింగ్ దానముతో రాయపూరున ఒక వైద్యశాల వెలసినది. 2000లో రాష్ట్రమేర్పడిన పిమ్మట ఆ భవనము కొంతకాలము సచివాలయమై, తిరిగి వైద్యశాలయైనది. వైద్యశాల ద్వారము రోగిని మాతృభాష యేదని అడుగదు. 2020 వేసవిలో రహదారుల వెంట నడచిపోవు కూలీలకు ఈ నగరపు టాటీబంద్ కూడలిలో అన్నము, నీరు, చెప్పులు ఇచ్చిన చేతులును అట్లే ఊరు అడుగలేదు. మరియొక సంగతి. ఛత్తీస్‌గఢ్ నుండి కూలీలు మిరపకోతకు మన తెలుగు మండలములకు ఏటేట వచ్చుచున్నారు. మనవారు అటు పోయి ప్రవాసులైనట్లే, వారు ఇటు వచ్చి ప్రవాసులైనారు. రాయపూరున మనకు దొరకిన గడప, మన చేల గట్లపై వారికి దొరకుచున్నదా? ఈ ప్రశ్నను వదలి ప్రవాసదానమును గూర్చి వ్రాయు కథ సగము కథయే.

గురజాడ 1910నాటి ‘దేశభక్తి’ గేయమున మనిషికి తోడుగా చూపినది పొరుగువానిని. పొరుగువాడనగా పుట్టుకచే ఏర్పడువాడు కాడు. పక్కన ఉండుటచే ఏర్పడువాడు. ఊరు మారినపుడు పొరుగు కూడ మారును. ఈ చిన్న సత్యమును మన ప్రవాసకథ ఇంకను తగినంతగా అందుకొనలేదు. అందుచే ఆ కథలలో ఉత్తరము వచ్చును, సొమ్ము వచ్చును, బడికి గది లేచును. అచ్చటితో కథ ముగియును. నిజమునకు కథ మొదలు కావలసినది అచ్చట. ఆ గదిలో కూర్చున్న పిల్లవాడు దాతను గూర్చి ఏమనుకొనుచున్నాడు? దాత నివసించు వీధిలో అతని పేరు ఎరిగినవారెందరు? అతడు ఎవరి చేతి అన్నము తిని ఆ ఊర నిలదొక్కుకొన్నాడు?

తెలుగు రచయితలు నేడు దేశమందంతటను కలరు. రాయపూరు, బిలాస్‌పూరు, ఖరగ్‌పూరు, షోలాపూరు వంటి ఊళ్లలో పుట్టి, అక్కడి భాషయు మన భాషయు సమముగా ఎరిగిన తరములున్నవి. మరచిన కొడుకును, తిరిగివచ్చిన మహాదాతను చాలినంత చూచితిమి. ఇక మూడవవానిని చూపవలసిన భారము వీరిది: ఉన్నచోట ఇచ్చువానిని, ఉన్నచోట పుచ్చుకొనుటకు సిగ్గుపడనివానిని. వాని చేతినుండి జారు చేరెడు గింజలను, వాటిని పట్టు చేతిని, ఒకే వాక్యములో చూపగలిగిన కథకు బలి కథతో చుట్టరికము తప్పక కుదురును.