తొడగొడితే వెనక్కెళ్ళిన రైలు

2003లో రెండు సినిమాలొచ్చాయి. ఒకటి అమెరికాలో టామీ వైసో తీసిన ‘ద రూమ్’. రెండోది మన దగ్గర బి. గోపాల్ తీసిన ‘పలనాటి బ్రహ్మనాయుడు’. మొదటిది ఇప్పుడు కల్ట్. అర్ధరాత్రి షోలకి జనం ప్లాస్టిక్ చెంచాలు పట్టుకెళ్ళి తెర మీదకి విసురుతారు. రెండోది మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక చిన్న క్లిప్పుగా మిగిలింది: బాలకృష్ణ తొడగొడతాడు, రైలు వెనక్కి పోతుంది.

నేనీ సినిమా మొత్తం నాలుగుసార్లు చూశాను. మూడుసార్లు బెంగళూరులో రూమ్మేట్స్‌తో, వారమంతా కోడ్ రాసి బుర్ర పనిచేయని శుక్రవారం రాత్రుల్లో. రైలు సీన్‌కి ముందు పాజ్ చేసి, అందరూ వచ్చి కూర్చున్నాకే ప్లే చేసేవాళ్ళం. నాలుగోసారి తెలుగు రాని కొలీగ్స్‌కి చూపించాను. నవ్వారు. నవ్వడానికే కదా చూపించింది! కానీ ఒకతను, “మీవాళ్ళు దీన్ని నిజంగా నమ్ముతారా?” అన్నాడు. ఎక్కడో చివుక్కుమంది.

ఎవరూ నమ్మలేదు. అసలా సినిమా ఆడనే లేదు. బాలకృష్ణకి వీరాభిమాని అయిన మా బాబాయి హాల్లోంచి బయటికొచ్చి, “ఈసారి కొంచెం ఎక్కువైందిరా” అన్నాడు. ఆ ‘ఎక్కువ’ అన్న మాటలో మంచి విమర్శ ఉంది. తొడగొట్టడం మనకి కొత్తేం కాదు. కుస్తీ గోదాలో ఉంది, పౌరాణిక నాటకాల్లో ఉంది. ఎదుటివాణ్ణి ‘రా, చూసుకుందాం’ అని పిలవడం అది. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001) ఆ వీరావేశాన్ని ఫ్యాక్షన్ కథల్లో పెట్టి గెలిచాయి. ఆ రెండూ తీసింది కూడా బి. గోపాలే. గెలిచిన ఫార్ములాకి ప్రతిసారీ డోసు పెంచాలి. పెంచుకుంటూ పోతే మనుషులు చాలరు. అప్పుడు రైలొచ్చింది. అంటే ఆ సీన్ తెలివితక్కువతనంలోంచి పుట్టలేదు, ఒక లాజిక్‌ని చివరిదాకా లాగడంలోంచి పుట్టింది. ఎదుటివాడు భయపడాలి, అంతే. ఆ ఎదుటివాడు ఇంజనైతే మాత్రం ఏం?

మనకి నవ్వొచ్చేది కూడా అక్కడే. ఆ సీన్‌లో ఎవరూ మనకి కన్ను కొట్టరు. బాలకృష్ణ మొహంలో వెటకారం లేదు. నేపథ్య సంగీతం కూడా రైలుని సీరియస్‌గానే తీసుకుంది.

‘హృదయ కాలేయం’ (2014) గుర్తు తెచ్చుకోండి. ఈ అతినంతా తెలిసే, కావాలనే తీశారు. మొదటి అరగంట పడీ పడీ నవ్వాను. ఆ తర్వాత అలిసిపోయాను. ప్రతి జోకూ ‘చూశావా, ఇది జోకు’ అని చెప్పుకుంటుంటే మనం కనిపెట్టడానికేం మిగలదు. అందులో నిలబడింది సంపూర్ణేష్ బాబు ఒక్కడే. ఎందుకంటే అతను మాత్రం నిజంగానే హీరోలా చేశాడు.

అందుకే ‘చెత్త సినిమా కాబట్టి నచ్చింది’ అనే మాట నాకిప్పుడు సరిగ్గా అనిపించదు. చెత్త సినిమాలు బోలెడున్నాయి, వాటిలో చాలావరకు నిద్రొస్తుంది. నచ్చేది, తన శక్తికి మించింది నెత్తినెత్తుకుని, సిగ్గుపడకుండా, పూర్తి బలంతో పడిపోయిన సినిమా. పడ్డందుకు నవ్వుతాం, ఎత్తుకున్నందుకు మళ్ళీ చూస్తాం.

కొలీగ్‌కి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడైతే చెప్తాను: నమ్ముతారనుకున్నవాళ్ళు ఒక్కసారి చూసి వదిలేశారు. నాలుగుసార్లు చూసింది నేను.