మాయకథలు మన పిల్లలను చెరుపునా?

పిల్లల చేతిలో మంత్రగత్తెల కథల పుస్తకము కనబడగానే సంఘములో కొందరు పెద్దలు కలవరపడుదురు. వారి కలవరము వట్టిది కాదు. మంత్రవిద్యయు, సోదె చెప్పుటయు దేవునికి అసహ్యములని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము స్పష్టముగా తెలుపుచున్నది. చేతబడి చేసిరను అనుమానముతో నిరపరాధులను కొట్టి చంపిన సంగతులును మన పల్లెలు ఎరుగును. గనుక ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు.

అయితే కథలో మంత్రగత్తె యుండుట ఒకటి, కథ మంత్రవిద్యను నేర్పుట మరియొకటి. ఎఫెసులో కాల్చబడిన యేబదివేల వెండి నాణెముల పుస్తకములు ఆ విద్యను అభ్యసించినవారు తెచ్చినవి; పిల్లల కథలు కావు. ఏన్దోరులో సోదె చెప్పు స్త్రీయొద్దకు సౌలు పోయిన వృత్తాంతము మన బైబిలులోనే కలదు. దానిని చదివి సౌలు త్రోవ పట్టుదుమా? భయపడి తొలగుదుము గదా! న్యాయాధిపతుల గ్రంథములో యోతాము చెప్పిన కథలో చెట్లే మాటలాడినవి. అది అబద్ధమని మనలో ఎవరును అనరు.

సి. ఎస్. లూయిస్ అను క్రైస్తవ పండితుడు 1950 మొదలు 1956 వరకు నార్నియా కథలు ఏడింటిని ప్రచురించెను. వానిలో 1955లో వెలువడిన ‘ది మెజీషియన్స్ నెఫ్యూ’ను చూడుడి. అందులో మాంత్రికుడు గొప్పవాడు కాడు. తాను పోవుటకు భయపడి, ఒక చిన్నదానిని మోసముచేసి తెలియని లోకమునకు పంపిన పిరికివాడు. డిగొరీ అను బాలుని తల్లి మరణపడకమీద నున్నది. ఆస్లాన్ అను సింహము ఆజ్ఞాపింపగా ఆ బాలుడు ఒక తోటలో పండు కోయుటకు పోవును. దానిని దొంగిలించి నీ తల్లికిమ్మని మంత్రగత్తె శోధించును. తల్లిమీది ప్రేమయే అతనికి ఉరియాయెను! అయినను అతడు పండును ఆజ్ఞయిచ్చినవానికే తెచ్చి అప్పగించెను. పిమ్మట ఆస్లాన్ తానే ఇచ్చిన పండువలన తల్లి స్వస్థపడెను. ఈ కథ వ్రాసిన లూయిస్ తొమ్మిదేండ్ల వయస్సున, 1908లో, తన తల్లిని పోగొట్టుకొనెను. గనుక ఇది తేలికగా వ్రాసిన మాట కాదు.

ఇది మంత్రము నేర్పు కథయా, విధేయత నేర్పు కథయా? వ్యాధిగల బిడ్డను ఎత్తుకొని రహస్యముగా తాయెత్తు కొరకు పోవు తల్లిదండ్రులకు డిగొరీ శోధన క్రొత్తది కాదు.

మాయకథలన్నియు మంచివని నేను చెప్పను. 1997 మొదలు 2007 వరకు వెలువడిన హారీ పాటర్ పుస్తకములలో మంత్రము బడిలో చెప్పు పాఠము. తల్లి ప్రాణత్యాగము బిడ్డను కాపాడెనను మంచి మాటయు వానిలో కలదు. అట్టివానిని పెద్దలు బిడ్డతో కూడ చదువుట మేలు.

కావున, తలిదండ్రులారా, పుస్తకమును లాగుకొని పొయ్యిలో వేయకుడి. బిడ్డను ప్రక్కను కూర్చుండబెట్టుకొని అడుగుడి: ఇందులో శక్తిని కోరినవాడెవడు? నష్టమైనను మాట నిలుపుకొనినవాడెవడు? నీవెవనివలె నుండగోరుదువు? బిడ్డ జవాబు విని పిమ్మట తీర్పు తీర్చుడి.