నగర విహార రచన: ఒక రూక లెక్క

యాత్రా రచనను మన విమర్శకులు ఇప్పటికీ సాహిత్యపు వసారాలోనే కూర్చోబెట్టారు. కథకూ నవలకూ వర్తించే సామాజిక విమర్శ దీనికి అక్కర్లేదన్నట్టు "కళ్లకు కట్టినట్టు రాశారు" అని ఒక ముక్క అనేసి ఊరుకుంటున్నారు. ఈ మధ్య పత్రికల ఆదివారం పేజీల్లో నగర విహార వ్యాసాలు విరివిగా వస్తున్నాయి. నలుగురు మిత్రులు పొద్దున చార్మినారు చూస్తారు, మధ్యాహ్నం బిర్యానీ తింటారు, ఎండ చల్లబడ్డాక గోలకొండ ఎక్కుతారు, రాత్రి క్రాఫ్ట్ బీరు తాగుతారు. తేలిక రచనలు కదా అని వీటిని తోసిపుచ్చడానికి నేను సిద్ధంగా లేను. ఈ వస్తువు తెలుగులో కొత్తది కాదు. దాదాపు ఆరువందల ఏళ్ల నాటిది.

క్రీడాభిరామం మనలో చాలామంది ఎం.ఏ.లో చదివినదే. అది శ్రీనాథుడిదా, వినుకొండ వల్లభరాయుడిదా అన్న వాదాన్ని పరీక్షలో పేజీలకు పేజీలు రాసి వచ్చాం. ఆ వాదం మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు దాని వస్తువు మీద పెట్టి ఉంటే ఎంతో బాగుండేది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు నగరంలో తిరుగుతారు. కథ అంతే. కోడిపందేలు చూస్తారు, పొట్టేళ్ల పోరు చూస్తారు, పల్నాటి వీరుల కథ పాడే ఆవిడ ముందు నిలబడతారు, మాచల్దేవి చిత్రశాలలోకి వెళ్తారు. మధ్యాహ్నం పూటకూటి ఇంట్లో భోజనం చేస్తారు. కప్పురభోగి అన్నం, గోధుమ వంటకం, చక్కెర, పప్పు, నెయ్యి, అరటిపళ్లు, పెరుగు. ఇంత భోజనానికి వెల ఒక రూక. ఆ రూకను కవి పద్యంలో పెట్టాడు. ఆ ఇల్లు ఎవరిదో పేరుతో సహా చెప్పాడు.

దీన్ని అభ్యుదయ కావ్యమని నేనడం లేదు. ఆ ఇద్దరి చూపూ భూస్వామ్య యుగపు మగవాడి చూపు. దారిలో ఎదురైన ప్రతి కులవృత్తి స్త్రీనీ ముందు ఆమె ఒంటితో కొలుస్తారు. ఆమె చేతి పని ఆ తరువాతే వస్తుంది, ఒక్కోసారి రాదు కూడా. ఆ మాట చెప్పకుండా ఈ కావ్యాన్ని క్లాసులో చెప్పేవాళ్లంటే నాకు గౌరవం లేదు. అయినా అందులో నగరం ఉంది. అంగడి ఉంది, వెల ఉంది, పని చేసే మనిషి ఉన్నాడు. సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాయడానికి పూనుకున్నప్పుడు రాజుల శాసనాలతో తృప్తిపడక ఇలాంటి కావ్యాల దగ్గరికి రావడం ఊరికే జరగలేదు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, హైదరాబాదు దాటి, నిర్మల మీదుగా నాగపూరు దారి పట్టాడు. ఆ దారి మా మెదక్ సీమ గుండానే పోతుంది. ఆయనా సంపన్నుడే, సుప్రీం కోర్టు ఉద్యోగి, పల్లకీలో పోయినవాడు. కానీ ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయో, ఏ దారిలో రాళ్లు ఉన్నాయో, ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుందో రాశాడు. రాళ్ల దారి గురించి రాశాడంటే తనను మోసే బోయీల కాళ్లను కొంతైనా తలచుకున్నాడనే నేను అర్థం చేసుకుంటాను.

ఇప్పటి వ్యాసాల్లో మొదట మాయమైంది ఈ లెక్క. రచయిత గ్లాసు రంగు చెప్తాడు, నురగ చెప్తాడు, నారింజ తొక్క వాసన చెప్తాడు. బిల్లు చెప్పడు. గ్లాసు తెచ్చిన కుర్రవాడు ఏ జిల్లా నుంచి వచ్చాడో అడగడు. చార్మినారు దగ్గర గాజుల దుకాణాన్ని వర్ణిస్తాడు. కొలిమి ముందు కూర్చుని లక్క గాజుకు రాళ్లు అద్దే చేతులు ఆయన వాక్యంలోకి రావు. నగరం ఆయనకు చూసే వస్తువు. కొందరు దాన్ని తయారుచేస్తున్నారన్న ఎరుక లేదు.

గడిచిన వేసవి సెలవుల్లో మేం నలుగురు ఉపాధ్యాయులం ఎల్దుర్తి నుంచి పొద్దున్నే బస్సెక్కి అలాంటి రోజు ఒకటి గడిపాం. సాలార్‌జంగ్ మ్యూజియం, గోలకొండ అయ్యాక మిత్రులు పట్టుబట్టి ఒక బీరు తయారీ హోటలుకు తీసుకెళ్లారు. అద్దాల వెనక స్టీలు పీపాలు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, ఆ రసాన్ని హాప్స్ పువ్వు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెడతారట. సీసాకెక్కకుండా అక్కడికక్కడే పోస్తారు. "ఇది తాజాది సార్, నిలవ ఉండేది కాదు" అన్నాడు గ్లాసులు తెచ్చిన అబ్బాయి. మా లెక్కల సారుది గౌడ కుటుంబం. ఆయన నవ్వి, "మా నాయిన పొద్దుగాల దించేది గూడ తాజాదే గద సార్, పొద్దూకితే పులుస్తది. దాన్నెవరూ కళ అనలే" అన్నాడు.

నాలుగు విమర్శ గ్రంథాలు చెప్పని మాట అది. తెలంగాణలో ఇలాంటి హోటళ్లకు 2015లో నియమాలు ఏర్పడ్డాయి. హైదరాబాదులో 2004లో మూతబడిన కల్లు దుకాణాలు తిరిగి తెరుచుకున్నది 2014లో. రెండూ పులిసిన పానీయాలే, రెండూ ఆబ్కారీ కింద ఉన్నవే. కానీ మన వచనంలో ఒకదానికి "రుచి", "అనుభవం", "సంస్కృతి" అనే మాటలు వాడతాం. రెండోదానికి "వ్యసనం", "మత్తు" అనే మాటలు. మోకు, ముత్తాదు బిగించి తాటిచెట్టెక్కి పడిపోయిన మనుషులు ఎన్ని తరాల వాళ్లో! గీత కార్మికుల రక్షణ కిట్లను ప్రభుత్వం పంచడం మొదలుపెట్టింది 2024లో. భాషలోని ఈ వర్గభేదాన్ని పట్టుకోవలసింది విమర్శకుడే.

ఇక మనవాళ్ల సంగతి. కల్లు మీద పల్లె ప్రేమతో రాసిన గేయాలు, కథలు మనకు కొదవలేవు. మండువా, ముంత, ఈతవనం, సాయంత్రం. ఈ రొమాంటిసిజం కూడా నాకు మింగుడుపడదు. మా ప్రాంతంలో కల్లు పేరుతో అమ్మినదాంట్లో క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రాజొలాం కలిసిన రోజులు ఉన్నాయి. 2015లో దాడులు జరిగి ఆ కల్తీ సరఫరా తగ్గినప్పుడు ఉమ్మడి మెదక్, నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మనుషులు వణుకుతూ, పిచ్చిగా అరుస్తూ ఆసుపత్రులకు చేరారు. ఆ మనుషుల మీద వచ్చిన కథల్ని వేళ్ల మీద లెక్కపెట్టడానికి కూడా నాకు కష్టంగా ఉంది. ముంతను పొగిడిన కలం ముంతలో ఏం కలిపారో చూడకపోతే, నురగను పొగిడిన కలానికీ దానికీ తేడా ఏముంది?

నీళ్ల మాట కూడా ఉంది. బీరులో నూటికి తొంభై వంతుల పైన నీళ్లే. మంజీర నీళ్లు హైదరాబాదుకు పోవడం 1965లో మొదలైంది, ఆ తరువాత సింగూరు నీళ్లూ పోయాయి. కృష్ణ, గోదావరి జలాలు ఆ నగరానికి చేరింది అంతకంటే తరువాత. పెద్ద పెద్ద బీరు కర్మాగారాలు నిలబడ్డదీ మా పాత జిల్లా నేల మీదే, ఇప్పటి సంగారెడ్డిలో. సింగూరు అడుగంటిన 2016 వేసవిలో ఇక్కడి రైతు ఎండిన బోరు ముందు కూర్చున్నాడు. నగర విహారి గ్లాసెత్తి చూసినప్పుడు ఆ రైతు కనపడాలని నేను శాసించడం లేదు. కనపడితే ఆ వ్యాసం మరో రకంగా ఉంటుందని మాత్రం చెప్పగలను.

మా బడిలో పదో తరగతికి "హైదరాబాదులో ఒక రోజు" అని వ్యాసం ఇచ్చాను. అందరూ చార్మినారు నాలుగు మీనార్లతో మొదలుపెట్టి హుసేన్‌సాగరులో తేలారు. ఒక అమ్మాయి మాత్రం బస్సు చార్జీ ఎంత, టికెట్టు ఎంత, ఎండలో కొన్న పుచ్చకాయ ముక్కలు ఎంత అని వరసగా రాసి, ఆ రోజు వాళ్లమ్మ నాట్లకు పోకపోవడం వల్ల పోయిన కూలిని కూడా చివర కలిపింది. పదికి ఎనిమిది వేశాను. వర్ణన తక్కువైంది, ఆరు చాలన్నాడు పక్క సెక్షను తెలుగు సారు. మేమిద్దరం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.