మారినంత మేరకే

సర్టిఫికేషన్ గడువు దగ్గరపడిందని మెయిల్ రాగానే మనవాళ్లలో ఎక్కువమంది చేసే మొదటి పని ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌కు ఫోన్ చేసి ‘కొత్త బ్యాచ్ ఎప్పుడండీ?’ అని అడగడం. డబ్బు అక్కడే పోతుంది. ఆ కౌంటర్ దగ్గర అమ్మేది కొత్తవాళ్ల కోసం తయారైన కోర్సు. మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా, నెలన్నరో రెండు నెలలో సాగుతుంది. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీల్లో సర్వర్లను కాపాడిన మనిషి వెళ్లి ‘డైరెక్టరీ అంటే ఏమిటి’ దగ్గర కూర్చుంటాడు. ఫీజు మొత్తం కడతాడు. రెండో వారానికి ఆఫీసులో రిలీజ్ పడుతుంది, క్లాసులు తప్పుతాయి. తనకు కావలసిన కొత్త పాఠాలు వచ్చేసరికి అతను క్లాసులో ఉండడు.

సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేస్తూ, ఈ పరీక్షల గురించి అడిగినవాళ్లకు దారి చెబుతూ వస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు బలంగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఉన్న సర్టిఫికేషన్‌ను పొడిగించుకునేవాడికి కావలసింది పాత పరీక్షకీ కొత్త పరీక్షకీ మధ్య ఉన్న తేడా. అంతవరకే నేర్చుకోవాలి, అంతవరకే ఖర్చు పెట్టాలి. ఇంటికి వెల్ల వేయించేవాడు పునాదులు తవ్వించడు కదా!

ఆ తేడా కనుక్కోవడానికి పైసా ఖర్చు లేదు. పరీక్షలో ఏమేం అడుగుతారో పరీక్ష పెట్టే కంపెనీలే అంశాలవారీగా ప్రచురిస్తాయి. మీరు పాసైనప్పటి సిలబస్, ఇప్పటి సిలబస్ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకుని పెన్సిల్‌తో కూర్చోండి. రోజూ చేసే పని అయితే కొట్టేయండి. పేరు మాత్రమే మారిన దాని చుట్టూ గీత గీయండి. ఎప్పుడూ మీ చేత్తో చేయని దాని పక్కన చుక్క పెట్టండి. ఒక్క నియమం తప్పకుండా పాటించాలి. ‘ఇది తెలుసు’ అని కొట్టేసే ముందు ఆ పనిని ఎక్కడా చూడకుండా టెర్మినల్‌లో ఒకసారి చేయాలి. మనకు వచ్చనుకున్న పనుల్లో కొన్నిటిని నిజానికి ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన స్క్రిప్ట్ చేస్తోందని అప్పుడే బయటపడుతుంది. ఆ కాసేపటి పరీక్షకు మించిన ట్రైనింగ్ నాకు తెలియదు.

రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ సంగతి చూడండి. దాని గడువు మూడేళ్లు. ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 మీద పాసైనవాడు అప్పట్లో 8 సిలబస్ తెరిస్తే ఎల్‌వీఎం, ఎస్‌ఈలినక్స్, ఫైర్‌వాల్, సిస్టమ్‌డీ, మర్చిపోయిన రూట్ పాస్‌వర్డ్ మార్చడం అన్నీ అలాగే కనిపించేవి. మెషిన్ మీద వర్చువల్ గెస్ట్‌లు నిలబెట్టడం లాంటివి తీసేశారు. యమ్ స్థానంలో డీఎన్‌ఎఫ్ వచ్చినా పాత కమాండ్ కొడితే పని జరుగుతుంది. కూర్చుని నేర్చుకోవలసిన పెద్ద అంశం పాడ్‌మ్యాన్ కంటెయినర్లు: ఇమేజ్ దించుకోవడం, కంటెయినర్ నడపడం, దానికి స్టోరేజ్ తగిలించడం, మెషిన్ రీస్టార్ట్ అయినా తనంతట తాను లేచేలా సర్వీసుగా పెట్టడం. పని తెలిసినవాడు కొన్ని సాయంత్రాలు కేటాయిస్తే అయ్యే చదువు అది. తర్వాత వచ్చిన వెర్షన్లకూ లెక్క ఇలాగే వేసుకోవాలి.

కుబర్‌నెటీస్ సీకేఏ సిలబస్ 2025 ఫిబ్రవరిలో మారింది. హెల్మ్, కస్టమైజ్, గేట్‌వే ఏపీఐ, సీఆర్‌డీలు చేరాయి. అన్నిటికన్నా ఎక్కువ మార్కులుండే ట్రబుల్‌షూటింగ్ మాత్రం 30 శాతం దగ్గరే ఉంది. 2024 ఏప్రిల్ నుంచి ఈ సర్టిఫికెట్ గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది కాబట్టి రెండు సిలబస్‌లు పక్కపక్కన పెట్టుకునే అలవాటు ఇక్కడ మరింత అవసరం. పరీక్ష ఫీజులోనే ఒక రీటేక్ ఉంటుంది, సిమ్యులేటర్ సెషన్లు కూడా రెండు వస్తాయి. తెరిచాక ఒక్కోటీ 36 గంటలు నడుస్తుంది. చాలామంది వాటిని పరీక్ష ముందురోజు దాకా దాచుకుంటారు. మొదటిది మూడు వారాల ముందే తెరవండి. ఎక్కడ తడబడుతున్నారో తెలిశాక చదివే చదువు వేరుగా ఉంటుంది.

మనవాళ్లు అనవసరంగా డబ్బు పోగొట్టుకునే మరో చోటు మైక్రోసాఫ్ట్. పాత ఎంసీఎస్‌ఏ, ఎంసీఎస్‌ఈలు 2021 జనవరితో ముగిశాయి. ఇప్పుడున్న అసోసియేట్, ఎక్స్‌పర్ట్ సర్టిఫికెట్ల గడువు ఏడాదే. ‘ఏడాదికోసారి పరీక్షా!’ అని గుండెలు బాదుకోనక్కర్లేదు. గడువుకు ఆరు నెలల ముందు నుంచి మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో ఒక చిన్న ఆన్‌లైన్ అసెస్‌మెంట్ తెరుచుకుంటుంది. ఫీజు లేదు. ఇంట్లో కూర్చుని, డాక్యుమెంట్లు పక్కన తెరుచుకుని రాయవచ్చు, మిమ్మల్ని గమనించే కెమెరా ఉండదు. తప్పినా గడువు లోపల మళ్లీ రాయవచ్చు. పాసైతే పాత గడువు తేదీ మీద మరో ఏడాది కలుస్తుంది. ఏడాది కాలంలో అజ్యూర్‌లో ఏం మారిందో ఆ ప్రశ్నల్లో ఉంటుంది. అంటే తేడా ఏమిటో వాళ్లే వడగట్టి ఇస్తున్నారు. ఇంత సదుపాయం ఉండగా గడువు దాటనిచ్చి, మళ్లీ పూర్తి ఫీజు కట్టి, మళ్లీ కోచింగ్‌లో చేరేవాళ్లను చూస్తే బాధేస్తుంది. దాటిన మర్నాడు ఆ ఉచిత దారి మూసుకుపోతుంది. ఫోన్ క్యాలెండర్‌లో ఆరు నెలల ముందు తేదీకి ఒక రిమైండర్ పెట్టుకోవడం మించిన పొదుపు ఇందులో లేదు.

సిస్కో దగ్గర దారి ఇంకొకటి. సీసీఎన్‌ఏ గడువు మూడేళ్లు. పరీక్ష మళ్లీ రాయకుండా 30 కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ క్రెడిట్లు పోగుచేసినా రెన్యూ అవుతుంది, సీసీఎన్‌పీకి 80 కావాలి. ఆ క్రెడిట్లు వచ్చే కోర్సును సిస్కో అప్పుడప్పుడు ఉచితంగా ఇస్తుంటుంది, కన్నేసి ఉంచాలి. ఏడబ్ల్యూఎస్‌లో ఒక పరీక్ష పాసైన ప్రతివారికీ తర్వాతి పరీక్షకు సగం ఫీజు తగ్గించే కోడ్ వాళ్ల సర్టిఫికేషన్ ఖాతాలో పడుతుంది. అక్కడ పడి ఉందని తెలియక పూర్తి ఫీజు కట్టినవాళ్లు నాకు తెలుసు. సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ ప్రొఫెషనల్ పాసైతే కింది అసోసియేట్ కూడా దానితోపాటే రెన్యూ అవుతుంది.

పాఠాలు ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది చేతికి పని. ఖర్చు పెట్టదలచుకుంటే ల్యాబ్ మీద పెట్టండి అంటాను. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పాత ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ వేయించి ర్యామ్ 16 జీబీకి పెంచుకుంటే, వర్చువల్‌బాక్స్ మీద మూడు నాలుగు లినక్స్ మెషిన్లు హాయిగా నడుస్తాయి. రెడ్‌హ్యాట్ డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ వ్యక్తులకు ఉచితం, 16 సిస్టమ్‌ల దాకా పెట్టుకోవచ్చు. అది వద్దనుకుంటే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ ఉన్నాయి. నెట్‌వర్కింగ్ వాళ్లకు సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ ఖాతాతో ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా వస్తుంది. మినీక్యూబ్‌తో కుబర్‌నెటీస్ ఆ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. క్లౌడ్‌లో సాధన చేసేవాళ్లు ఖాతా తెరిచిన రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టాలి. నాట్ గేట్‌వేను మర్చిపోయి వదిలేస్తే దాని గుండా ఏమీ పోకపోయినా గంటగంటకూ బిల్లు పడుతుంది. నెల చివర వచ్చే ఆ బిల్లు చూసి క్లౌడ్ చదువే మానుకున్న పిల్లలున్నారు.

ఇంత చెప్పానని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లను తీసిపారేస్తున్నానని అనుకోవద్దు. మైత్రీవనం చుట్టూ ఉన్న ఆ సందులు, ఎస్సార్ నగర్ హాస్టళ్లు లేకపోతే కరీంనగర్ నుంచి, ఒంగోలు నుంచి వచ్చిన ఎన్నో కుటుంబాల్లో మొదటి ఐటీ జీతం వచ్చేది కాదు. ఇంగ్లిష్ పుస్తకంలో అర్థంకాని ముక్కను తెలుగులో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే ఫ్యాకల్టీకి విలువ కట్టలేం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది మంచి చోటు.

పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలనుకున్న ఒకావిడ నాతో అంది: “ఆన్‌లైన్‌లో అన్నీ ఉన్నాయని నాకూ తెలుసు సర్. ఫీజు కట్టేస్తే కనీసం క్లాసుకైనా వెళ్తాను కదా.”

ఆ మాటలో నిజం ఉంది. ఒంటరిగా చదవడం కష్టం. ఆవిడకు నేను చెప్పింది ఇది: “అమ్మా, డెమో క్లాసుకు వెళ్లండి. పాఠం చెప్పే ఆయన్నే కలిసి మీరు చుక్కలు పెట్టిన కాగితం చూపించండి. ఈ నాలుగు అంశాలకే ఎంత తీసుకుంటారని అడగండి.” కౌన్సెలర్ ఒప్పుకోకపోవచ్చు గాని, పాఠాలు చెప్పేవాళ్లలో చాలామంది ఒప్పుకుంటారు. తనలాంటి మరో ముగ్గురిని వెతుక్కుని ఆవిడ వెళ్లింది. నాలుగు ఆదివారాలకు మాట్లాడుకుని తలా కొంత వేసుకున్నారు. పూర్తి కోర్సుకు ఒక్కరు కట్టే ఫీజు నలుగురికీ సరిపోయింది. మిగతా వారమంతా వాళ్లలో వాళ్లే ఫోన్లో సందేహాలు తీర్చుకునేవాళ్లు.

తక్కువ ఖర్చు అనే పేరుతో తిరిగే డంప్స్ జోలికి మాత్రం పోకండి. అసలు పరీక్ష ప్రశ్నలు దొంగిలించి అమ్మే వ్యాపారం అది. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దవుతుంది, మళ్లీ రాసే అవకాశం కూడా పోవచ్చు. పట్టుబడకపోతే వచ్చే నష్టం నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోయినప్పుడు సర్టిఫికెట్ ఉన్న మనిషినే కాల్‌లోకి లాగుతారు. అక్కడ ఏ, బీ, సీ, డీ ఆప్షన్లు ఉండవు. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ, సీకేఏ లాంటివి లైవ్ సిస్టమ్ ఇచ్చి పని చేసి చూపించమనే పరీక్షలు కాబట్టే వాటి మీద నాకు గౌరవం.

పునాదే బలహీనంగా ఉందనుకునేవాళ్లు ఎన్‌పీటీఈఎల్ చూడాలి. ఐఐటీ అధ్యాపకులు చెప్పే నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠాలు స్వయం వేదికపై ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఊళ్లోని పబ్లిక్ లైబ్రరీలో కార్డు తీసుకోండి. అక్కడి చాలా లైబ్రరీలు లింక్డ్‌ఇన్ లెర్నింగ్, యుడెమీ లాంటి వాటిని కార్డు ఉన్నవాళ్లకు ఉచితంగా ఇస్తున్నాయి. ప్రాజెక్టుల మధ్య ఖాళీగా ఉన్న నెలల్లో అది పెద్ద ఆసరా.

ఇక పరీక్ష ఫీజు. డాలర్లలో ఉండే ఆ మొత్తం మన జీతాలకు బరువే. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ముందుగా హెచ్‌ఆర్‌ను అడగండి. చాలా కంపెనీల్లో పాసైన పరీక్ష ఫీజు తిరిగిచ్చే పాలసీ ఉంటుంది, అడిగేవాళ్లే తక్కువ. కొన్నిచోట్ల పరీక్ష రాసే ముందే మేనేజర్ అనుమతి మెయిల్ ఉండాలంటారు. కాబట్టి స్లాట్ బుక్ చేసేముందే ఆ మెయిల్ పెట్టండి. దానికి మీరు పెన్సిల్ గీతలు గీసిన కాగితాన్ని జతచేయండి. టీమ్ వాడుతున్న వెర్షన్‌కూ మీ సర్టిఫికెట్ వెర్షన్‌కూ మధ్య ఏం మారిందో, అందులో ప్రాజెక్టుకు ఏది పనికొస్తుందో చూసిన మేనేజర్‌కు ఫీజు మంజూరు చేయడానికి కారణం దొరుకుతుంది.