పాత కంప్యూటర్ల సేకరణ: ఒక విమర్శ

పాత వస్తువులను సేకరించుట మంచి అభిరుచియే. నాణెములు, తపాలా బిళ్లలు, రేడియోలు కూడబెట్టువారి వలెనే 1980 దశకపు కంప్యూటర్లను కూడబెట్టువారును నేడు కలరు. అయితే నాణెమునకును కంప్యూటరునకును ఒక భేదమున్నది. నాణెమును చేతబట్టి చూచిన చాలును, దాని ముద్ర కనబడును. కంప్యూటరు పనిచేసిననే గాని దానిలో నున్నది తెలియదు. ఈ భేదమును మరచుటయే నేటి సేకరణలలోని పెద్ద లోపము.

తెలుగునాట పలువురకు ఈ యంత్రములు ఇంటిలో గాక బడిలో పరిచయమైనవి. 1984లో కేంద్ర ప్రభుత్వము పాఠశాలలకై ‘క్లాస్’ అను పథకమును ఆరంభించి, అందుకు బి.బి.సి. మైక్రో అను యంత్రమును ఎన్నుకొన్నది. ఇది 1981లో ఇంగ్లండులో ఏకార్న్ కంపెనీ చేసినది. పాఠశాలలలో వాడిన రకమునకు మెమరీ 32 కిలోబైట్లు మాత్రమే. తెరపై సన్నని గీతలతో బొమ్మ వేయదలచినచో అందులో 20 కిలోబైట్లు ఆ తెరకే ఖర్చగును. మిగిలిన కొద్ది చోటులోనే ప్రోగ్రాము ఇముడవలెను.

ఆనాటి వారు ఈ పొదుపును గర్వముతో తలచుకొందురు. ఆ గర్వము న్యాయమైనదే. కాని జ్ఞాపకము కష్టములను త్వరగా మరచును. టేపు రికార్డరునుండి ప్రోగ్రాము ఎక్కించునప్పుడు సెకనుకు సుమారు 120 అక్షరములకు మించి రావు. రెండు నిమిషములు వేచియున్న పిదప టేపు ముడుతపడినను, రికార్డరు తల కొంచెము పక్కకు తిరిగియున్నను, మరల మొదటికి రావలసినదే. ఈ ఇబ్బందిని విడిచి చెప్పిన చరిత్ర సగము చరిత్రయే.

ఇక సేకరణ సంగతి. పసుపెక్కిన పెట్టెను హైడ్రోజన్ పెరాక్సైడుతో తెల్లబరచి అలమారులో నుంచుట పలువురకు ముచ్చట. ఆ రంగు కొన్నాళ్లకు మరల రావచ్చును. లోపలి సంగతి అంతకంటె ముఖ్యమైనది. నిడదవోలువంటి ఊరు కాలువలకు, వరిచేలకు నడుమ నున్నది. గాలిలో తేమ ఎక్కువ. ఆ కాలపు విద్యుత్ సరఫరా భాగములలో వాడిన కొన్ని కాగితపు కండెన్సర్లకు పైపూత పగులును. ఆ పగుళ్లనుండి తేమ లోనికి చేరును. ఏండ్ల తరువాత ముచ్చటపడి స్విచ్చి వేసిన కొద్దిసేపటికే అవి పొగ క్రక్కును. కొన్ని యంత్రములలోని నికెల్-కాడ్మియం బ్యాటరీలు కారి, ఆ క్షారము రాగితీగలను తినివేయును. టేపులకు బూజు పట్టును. ఇవి అద్దాల అలమారులో నున్నంత మాత్రమున ఆగవు.

అనుబంధ సామగ్రిపట్ల చూపు నిర్లక్ష్యము ఇంకను హానికరము. ఇందుకు తెలుగు కంప్యూటరే నిదర్శనము. పూణేలోని సి-డాక్ సంస్థ వ్యాప్తిలోనికి తెచ్చిన ‘జిస్టు’ కార్డును కంప్యూటరులో గ్రుచ్చిననే తెరపై తెలుగు అక్షరములు కనబడెడివి. 1991లో ప్రమాణముగా వెలువడిన ఇస్కీ సంకేతములలో తెలుగు ‘క’కును, దేవనాగరి ‘క’కును ఒకే సంఖ్య. లిపి ఏదో తెలియనిచో, కార్డు లేనిచో, ఆ ఫైలు అర్థము లేని గుర్తుల వరుస. అచ్చుపని ప్రోగ్రాములలో ఒక్కొక్క సంస్థ తలకట్టుకు, గుడికి, కొమ్ముకు తనకు తోచిన సంఖ్యల నిచ్చినది. వానిలో కొన్ని, ప్రింటరు తీగ తగిలించు చోట చిన్న తాళపు బిళ్ల లేనిచో తెరచుకొననే తెరచుకొనవు. పాత సామాన్ల కొట్టులో ఆ బిళ్లకు విలువ లేదు. మొదట పారవేయబడునది అదే. దానితోపాటు 1990 దశకమున గోదావరి తీరపు ఊళ్లలో అక్షరములు కూర్చిన పుస్తకముల ఫ్లాపీలు మూగవోవును.

ఇది మన ఊళ్లకే పట్టిన జబ్బు కాదు. ఇంగ్లండులో 1086 నాటి ‘డూమ్స్‌డే’ గ్రంథము నేటికిని చదువ వీలగుచున్నది. దానికి 900 ఏండ్లు నిండిన సందర్భమున 1986లో బి.బి.సి. వారు పాఠశాల బాలబాలికలచే వ్రాయించి లేసరు డిస్కులపై నెక్కించిన కొత్త ‘డూమ్స్‌డే’ పదునైదేండ్లకే దుర్లభమైనది. డిస్కులు చెడలేదు, వానిని చదువు యంత్రములు అరుదైనవి. తుదకు పరిశోధకులు పాత యంత్రమును కొత్త కంప్యూటరులో అనుకరించు ప్రోగ్రాము వ్రాసి దానిని చదువగలిగిరి.

రాజమహేంద్రవరములోని గౌతమీ గ్రంథాలయమున తాళపత్రములను చూచినవారికి ఈ పాఠము కొత్తది కాదు. తాటియాకు శాశ్వతమైనందున గాక, లేఖకులు తరతరమున తిరిగి వ్రాసినందుననే మన కావ్యములు నిలచినవి. సేకరించువారు చేయవలసినదియు అదే. దొరికిన యంత్రమునకు వెంటనే విద్యుత్తు నీయరాదు. కండెన్సర్లను, బ్యాటరీని చూపించి మార్పించవలెను. టేపులకు, ఫ్లాపీలకు ముందుగా నకళ్లు తీసి, రెండు వేరు చోట్ల నుంచవలెను. తెలుగు ఫైళ్లు ఏ కార్డుతో, ఏ అక్షర సంకేతములతో తయారైనవో వ్రాసి, యూనికోడులోనికి మార్చవలెను. తీగలు, తాళపు బిళ్లలు, వాడుక పుస్తకములు యంత్రముతోపాటే యుండవలెను.

ఇంత శ్రమ అందరకు సాధ్యము గాకపోవచ్చును. పెట్టె, ఫ్లాపీ రెంటిలో ఒకదానినే కాపాడ వీలైనచో, ఫ్లాపీనే ఎన్నుకొనుట మేలు. అట్టి పెట్టెలు లోకమున మరికొన్ని యుండవచ్చును. ఆ ఫ్లాపీలోని వ్రాత అదొక్కటే కావచ్చును.